సంచిలో కొలిచిన ఆకలి

యూరియా అయిపోయాక మిగిలిన ప్లాస్టిక్ సంచి. దాని అడుగు సగంలో వరసలుగా చిన్న చిన్న కన్నాలు. మూతికి నైలాన్ తాడు. గణపవరం, నిడమర్రు, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో ఏ చేపల చెరువు గట్టు మీద చూసినా ఇలాంటి సంచులు ఎండలో ఆరేసి ఉంటాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు అవి పారేసిన చెత్తలా కనిపిస్తాయి. ఈ కొల్లేటి చుట్టుపక్కల రైతు తన చేత్తో తయారు చేసుకున్న పనిముట్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ గౌరవం ఉన్నది ఈ కన్నాల సంచి మీదే. చేపకు మేత అందించే పనితో పాటు ఆ మేతకు ఒక వేళ, ఒక కొలత, ఒక ముగింపు ఏర్పాటు చేసే పని కూడా అదే చేస్తుంది.

ఇందులోని పనితనం తెలియాలంటే ముందు శీలావతి ఒంటి తీరు తెలియాలి. బయటి రాష్ట్రాల్లో రోహు అనే శీలావతి, కట్లా అనే బొచ్చె, మృగాల అనే ఎర్రమోసు, ఈ మూడూ ఒకే కుటుంబం చేపలు. ఈ కుటుంబంలో దేనికీ అసలైన జీర్ణాశయం లేదు. మనం ముద్ద మింగితే అది కాసేపు కడుపులో నిలవుండి, నెమ్మదిగా పేగులోకి దిగుతుంది. శీలావతికి ఆ నిలవ చోటు లేదు. దవడల్లో పళ్లూ ఉండవు. మూతితో పీల్చుకున్నదాన్ని గొంతులో ఉన్న పళ్లతో నలిపి నేరుగా పేగులోకి పంపేస్తుంది. ఆ పేగు మాత్రం ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది, చుట్టలు చుట్టుకుని. అలాంటి ప్రాణి పూటకింత తిని ఊరుకోలేదు. నీటిలోని ప్లాంక్టన్, నాచు, కుళ్లిన ఆకు, ఏది తగిలితే అది కొంచెం కొంచెంగా పొద్దంతా కొరుకుతూనే ఉంటుంది. దాన్ని తిండిపోతు అనడానికి లేదు. దాచుకునే వీలు లేని ఒళ్లు మరి.

ఇలా తెంపు లేకుండా మేసే చేపకు రైతు ఎలా మేత పెట్టాలి? రోజంతా పెడుతూ ఉంటే డబ్బు నీళ్లపాలవుతుంది. ఒక్కసారే కుమ్మరిస్తే అది తిన్నంత తిని, మిగతాది అడుగున చేరి కుళ్లుతుంది. కొల్లేటి రైతు కనుక్కున్న జవాబు ఒకటే. చేపకు లేని కడుపును బయట, నీళ్లలో, ఒక వెదురు గెడకు కట్టాడు.

ఈ ఆలోచన ఒక్క రోజులో పుట్టలేదు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి కార్పు చేపలకు సూది వేసి గుడ్లు పెట్టించడంతో, నదుల్లో చేపపిల్లల్ని ఏరుకునే అవసరం తప్పింది. ఆ రోజును ఇప్పటికీ జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. 1970ల్లో పరిశోధకులు ఆరు రకాల చేపల్ని ఒకే చెరువులో కలిపి పెంచే పద్ధతిని చెప్పారు. మూడు మన దేశపువి, మూడు బయటివి. కొల్లేటి చుట్టూ చెరువులు తవ్విన రైతులు దాన్ని విన్నారు, చేసి చూశారు, తమకు అక్కర్లేనిది తీసేశారు. కలకత్తా మార్కెట్ శీలావతికే మంచి ధర ఇస్తోంది. అందుకని చెరువులో పదికి ఎనిమిది తొమ్మిది పాళ్లు శీలావతి, మిగతా బొచ్చె వేసుకున్నారు. పుస్తకం ఆరు చెబితే రెండుకు తెచ్చారు. ఈ సాహసం చిన్నదేం కాదు. ఒకే రకం చేప ఎక్కువగా ఉంటే నీటిలో అన్ని లోతుల్లోని తిండీ ఖర్చు కాదు. కనుక బయటి మేత మీద ఆధారం పెరుగుతుంది. మేత మీద ఆధారం పెరిగితే, దాన్ని పెట్టే తీరు మీద బతుకు ఆధారపడుతుంది. సంచి అక్కడి నుంచి వచ్చింది.

అంతకు ముందు తవుడును గట్టు మీద నిలబడి చల్లేవాళ్లు. నూనె తీసిన తవుడు చాలా తేలిక. గాలికి కొంత, అలకు కొంత పోగా, తడిసి అడుగుకు దిగింది బురదలో కలిసిపోతుంది. చేప నోట్లో ఎంత పడిందో ఎవరికీ తెలియదు. సంచి ఆ చీకటిని తొలగించింది. తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, కాస్త ఉప్పు, ఖనిజ లవణాలు కలిపి సంచుల్లో నింపుతారు. పడవ మీద వెళ్లి, చెరువులో వరసగా పాతిన గెడలకు నీటిలో మునిగేట్టు కడతారు. శీలావతి నడిమి లోతుల్లో తిరిగే చేప. సంచీ అక్కడే వేలాడుతుంది. చేప వచ్చి మూతితో కన్నాన్ని పొడుస్తుంది, పొడిచినప్పుడు కొంచెం మేత బయటికి వస్తుంది, పీల్చుకుంటుంది. దాని సహజమైన కొరుకుడుకు అడ్డు లేదు. కాకపోతే ఆ కొరుకుడు ఇప్పుడు ఒక చోట, ఒక వేళకు జరుగుతోంది.

కన్నం సంగతి చెప్పుకోవాలి. పెద్దదైతే పొడవకుండానే మేత కారిపోతుంది. చిన్నదైతే తడిసి ఉబ్బిన తవుడు అందులో ఇరుక్కుని, చేప విసిగి వెళ్లిపోతుంది. చేప సైజు పెరిగే కొద్దీ, మేత మెత్తదనం మారే కొద్దీ కన్నం కూడా మారాలి. వరసలు అడుగు భాగంలోనే ఉండాలి, పైకి వస్తే పై మేత ముందు కడుక్కుపోతుంది. గెడకూ గెడకూ ఎడం కూడా ఊరికే పెట్టరు. సంచులన్నీ ఒక మూల కడితే బలమైన చేపలే మూగుతాయి, చిన్నవి వెనకబడతాయి, పట్టుబడి నాటికి సైజులు కలవవు. చెరువంతా పరిస్తే అన్నిటికీ వంతు దక్కుతుంది. పని అయ్యాక సంచిని పైకి ఎత్తి, కడిగి, ఎండబెట్టాలి. తడి మేత అంటుకున్న సంచిని అలాగే వదిలితే బూజు పడుతుంది, మర్నాడు కొత్త మేత కూడా పాడవుతుంది. గట్టు మీద ఆరేసిన సంచులు ఆ కారణంగా కనిపిస్తాయి.

వేళ విషయంలో వీళ్ల లెక్క మరీ ముచ్చటగా ఉంటుంది. చెరువు పచ్చగా ఉండేది నాచు వల్ల. పగలు ఎండకు ఆ నాచు ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రంతా అదే నాచు, చేప, బురద కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. కనుక నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే రైతు గుండె ఆగిపోతుంది. తిన్నది అరగడానికి చేపకు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అందుచేత పొద్దు పొడిచాక, నీళ్లకు కాస్త ఎండ తగిలాక, ఎనిమిది తొమ్మిది గంటల వేళ సంచులు కడతారు. రాత్రి పొద్దుపోయాక కట్టరు. మబ్బు పట్టిన రోజున నాచు సరిగా పని చేయదు కాబట్టి మేత తగ్గుతుంది, ముసురు పట్టినప్పుడు అసలే ఆగుతుంది.

"ఈయాల సగమే కడదామండీ, మబ్బు ఇడిసేలా లేదు" అంటాడు మేత కట్టే కుర్రాడు.

"సగం కూడా వద్దులేరా. రేపు పొద్దున్న చూద్దాం" అంటాడు చెరువాయన.

ఆ రెండు మాటల్లో ఎండ, నాచు, ఆక్సిజన్, అరుగుదల, మేత ధర అన్నీ ఉన్నాయి. వాళ్లెవరూ వాటిని విడివిడిగా చెప్పుకోరు.

ఎంత కట్టాలన్నది బరువును బట్టి వస్తుంది. ఒక ఎకరం చెరువులో 3,000 చేపలున్నాయనుకుందాం. విసురు వల వేసి కొన్నిటిని పట్టి తూస్తే సగటున అర కిలో తూగాయి. చెరువులో ఉన్న చేప బరువు 1,500 కిలోలు. రోజుకు నూటికి 2 వంతుల లెక్కన మేత 30 కిలోలు, అంటే పది కిలోల సంచులు మూడు. అదే చేప పిల్లగా ఉన్నప్పుడు ఒంటి బరువులో వంతు ఎక్కువ తింటుంది, పెద్దయ్యే కొద్దీ ఆ వంతు తగ్గుతుంది. మొత్తం కిలోలు పెరుగుతున్నా ఒక్కో చేప బరువుకు పడే పాలు తగ్గుతూ వస్తుంది. డిసెంబరు, జనవరి చలికి నీళ్లు చల్లబడితే చేప ఒంటి వేడీ పడిపోతుంది, దానితో ఆకలీ పడిపోతుంది. కాగితం మీద ఎంత లెక్క వచ్చినా ఆ నెలల్లో సంచుల సంఖ్య తగ్గాల్సిందే. తవుడు, చెక్కల మేతతో ఒక కిలో చేప రావడానికి రెండు మూడు కిలోల మేత పడుతుంది. పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతదే. ఇక్కడ జరిగే చిన్న పొరపాటు ఏడాది చివర పెద్ద అప్పుగా తేలుతుంది.

కానీ కాగితం లెక్క సగం పనే. మిగతా సగం సంచే చెబుతుంది. కట్టిన రెండు మూడు గంటల్లో ఖాళీ అయితే కొలత సరిపోయినట్టు. గంటలోనే అయిపోయి, చేపలు ఇంకా గెడల చుట్టూ తిరుగుతుంటే కొంచెం చాలలేదు. మధ్యాహ్నం సంచి ఎత్తితే బరువుగా వచ్చిందా, మర్నాడు తగ్గించాలి. అన్ని సంచులూ ఒకేసారి మిగిలితే నీళ్లలో ఏదో తేడా వచ్చింది. కొన్ని చోట్ల మిగిలి కొన్ని చోట్ల అయిపోతే చేప ఒక పక్కకు చేరింది, ఎందుకు చేరిందో చూడాలి. కొల్లేటి చెరువులను బాగా సతాయించే చేప పేను పట్టినప్పుడు కూడా మొదటి కబురు సంచి నుంచే వస్తుంది. పేను కంటికి కనిపించక ముందే చేప మేత తగ్గిస్తుంది. సంచి ఎత్తిన చేతికి ఆ బరువు తేడా తెలుస్తుంది. ఇది చదివితే వచ్చేది కాదు. రోజూ అదే సంచిని, అదే గెడ దగ్గర, అదే వేళకు ఎత్తితే వచ్చేది. వేళ మారిస్తే ఈ రోజు మిగులును నిన్నటి మిగులుతో పోల్చడం కుదరదు. వీళ్లు వేళను అంత పట్టుగా పాటించడానికి ఇదొక బలమైన కారణమని నా నమ్మకం.

ఈ రైతులు ఆకలిని కొలవడమే కాదు, దాన్ని ముందే తయారు చేస్తారు కూడా. పెంపకం చెరువులో వేసే పిల్లను నేరుగా హేచరీ నుంచి తెచ్చి వేయరు. దాన్ని ముందు చిన్న చెరువుల్లో కిక్కిరిసేట్టు వేసి, మేత తగ్గించి, ఏడాది దాకా కురచగా ఉంచుతారు. వయసు వస్తుంది, సైజు రాదు. అలాంటి పిల్లను తెచ్చి విశాలమైన చెరువులో వదిలి, సంచి కట్టడం మొదలుపెడితే అది ఆగిన ఎదుగుదలనంతా వేగంగా అందుకుంటుంది. పైగా ముదురు పిల్ల కాబట్టి చావులు తక్కువ. ఎక్కడ తగ్గించాలో, ఎప్పుడు వదలాలో ఇంత ఓపికగా ఆలోచించిన పెంపకం నాకు తెలిసి చాలా తక్కువ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఆంధ్రప్రదేశ్ కార్పు చేపల మేత పద్ధతుల మీదే విడిగా ఒక సాంకేతిక గ్రంథం వేసింది. కన్నాల సంచికి అందులో చోటు దక్కింది. దక్కాల్సిందే.

రొయ్యకు వచ్చేసరికి ఇదే ప్రాంతపు రైతు కొలత మార్చాడు. 2009లో దేశంలోకి అనుమతించిన వనామి రొయ్య మేతను కాళ్లతో పట్టుకుని నెమ్మదిగా కొరుక్కుని తింటుంది. దాని పేగు చిన్నది, తొందరగా ఖాళీ అవుతుంది. దానికి రోజుకు ఒక్క వేళ పెడితే కుదరదు. నాలుగు పూటలు పెడతారు, ప్రతి పూటా కొంత మేతను చెక్ ట్రేలో వేసి నీళ్లలో దించుతారు. గంటా రెండు గంటలకు ట్రే ఎత్తి చూసి తరవాతి పూట కొలత నిర్ణయిస్తారు. ఇప్పుడు కొందరు యంత్రాలు పెట్టి నిమిషాల తేడాలో చిటికెడు చిటికెడు చల్లిస్తున్నారు. రొయ్య కొరికే చప్పుడును నీటిలో మైకుతో విని మేత వదిలే యంత్రాలు కూడా వచ్చాయి. శీలావతికి ఒకటి రెండు వేళలు, రొయ్యకు నాలుగు నుంచి పదులు. ఏ ఒంటికి ఎన్ని పూటలన్నది ఆ ఒళ్లే చెప్పాలి, రైతు వినాలి.

ఇదంతా చూస్తున్నప్పుడు మన ఇళ్ల సంగతి తలపుకు రాకుండా ఉండదు. చేపకు లేని కడుపు మనకుంది. నాలుగైదు గంటలు నిలవ ఉంచుకునే చోటున్నా మనం, ముఖ్యంగా మన పిల్లలు, చేపలాగే పొద్దంతా కొరుకుతున్నాం. ఉదయం రెండు ఇడ్లీలు తిని బడికి పరిగెత్తిన పిల్లవాడు పది గంటలకు చిప్స్ ప్యాకెట్ అడుగుతున్నాడంటే తప్పు ప్యాకెట్‌ది మాత్రమే కాదు, తొలి పూట కొలతది కూడా. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావాల బృందం గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొంది. ఇది ఎక్కువగా కడుపులో తయారవుతుంది, భోజనానికి ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. రోజూ ఒకే వేళకు తినేవాళ్లలో ఆ వేళకు ముందే పెరగడం మొదలవుతుంది. అంటే ఆకలి వేళను నేర్చుకుంటుంది. శీలావతి కుటుంబానికే చెందిన గోల్డ్‌ఫిష్‌కు రోజూ ఒకే సమయానికి మేత వేస్తే, ఆ సమయానికి ముందే అది మేత చోటు దగ్గర చురుగ్గా తిరగడం మొదలుపెడుతుందని పరిశోధకులు చూపించారు. గెడ దగ్గరికి సంచి రాకముందే శీలావతి చేరడమూ అదే. వేళ తప్పితే చేపా మనిషీ ఇద్దరూ ఎప్పుడు దొరికితే అప్పుడు తింటారు.

తొలి పూట చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ, పక్కన ఒక గుడ్డు కలిస్తే ఆ పూట బలంగా నిలుస్తుంది. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి ఆకలిని ఎక్కువ సేపు ఆపుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో ఉదయం పూట రాగిజావ మొదలుపెట్టినప్పుడు జరిగింది కూడా ఇలాంటి ఆలోచనే. ఇంటి దగ్గర తిన్నదానికీ మధ్యాహ్న భోజనానికీ మధ్య ఉన్న ఖాళీలో ఒక చిన్న పూట చేర్చారు. ఇంట్లో చిరుతిండి మానమని తిట్టేకన్నా మూడు పూటల కొలతా వేళా సరిచేసి వారం చూడటం మేలు. సంచి మిగిలిందా అయిపోయిందా అని రైతు చూసినట్టు, పళ్లెం మిగిలిందా అయిపోయిందా, పదింటికి ఆకలి వేసిందా లేదా అని చూడాలి.

చెరువు సంగతికి వద్దాం. ఈ మధ్య తేలే గుళికల మేత వాడకం పెరుగుతోంది. అది పైకి తేలుతుంది కనుక చేప తినడం కంటికి కనిపిస్తుంది, వృథా తగ్గుతుంది. మంచిదే. అయినా శీలావతిది నడిమి లోతు అలవాటు కనుక దాన్ని పైకి రప్పించి తినిపించాలి, ధర కూడా తవుడు మేత కంటే ఎక్కువ. సంచి ఇంకా చాలా చెరువుల్లో ఉండటానికి ఇవే కారణాలు. నా లెక్కలో మరొకటుంది. సంచి మిగిలిన మేతను ఎత్తి చూపిస్తుంది. నీళ్లలో కరిగిపోయిన మేత ఎక్కడికీ పోదు. అమ్మోనియాగా మారి చెరువు నీళ్లను పాడు చేస్తుంది, ఆ నీళ్లు వదిలితే డ్రెయిన్ల గుండా కొల్లేటిలోకే చేరతాయి. 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కిన, 1999 నుంచి అభయారణ్యంగా ఉన్న సరస్సు అది. అక్కడ గుర్రపుడెక్క అంతలా పెరగడానికి అందే ఎరువులో చెరువుల వాటా ఉంది. కొలత తప్పిన ప్రతి సంచీ పెలికాన్లు దిగే ఆ నీళ్ల మీద పడే భారమే. కాబట్టి మధ్యాహ్నం బరువుగా తేలిన సంచిని ఎత్తి, మర్నాడు ఒక కిలో తగ్గించే ఆ కుర్రాడి చేతిని నేను కొల్లేటిని కాపాడే చేతుల్లో ఒకటిగా లెక్కేస్తాను.

ఇక పట్టుబడి దగ్గర పడ్డప్పుడు ఈ పనితనం చివరి మెట్టు కనిపిస్తుంది. వల వేసే ముందు రోజు సంచులు కట్టరు. చేప రాత్రంతా ఖాళీగా ఉంటుంది, పేగు శుభ్రమవుతుంది. నిండుగా తిన్న చేపను వలలో కుదిపితే అది నీళ్లు పాడు చేస్తుంది, అలసి తొందరగా చస్తుంది. ఐసు వేసిన పెట్టెల్లో సర్దినా లోపలి మేత కుళ్లి పొట్ట మెత్తబడుతుంది. గణపవరం చుట్టుపక్కల నుంచి బయల్దేరే లారీ హౌరాకు, అక్కడి నుంచి ఇంకా పైన అస్సాంకు చేరాలి. అక్కడ పెట్టె తెరిచిన వ్యాపారి మొప్ప ఎత్తి చూస్తాడు, తరవాత వేలితో పొట్ట నొక్కి చూస్తాడు. పొట్ట గట్టిగా ఉంటే ధర నిలబడుతుంది.